హీ-మ్యాన్ బొమ్మ గీసినోళ్లు ఏమైండ్రు?

ముందుగాల ఒక తారీఖు గుర్తు పెట్టుకోండి. 1989 ఫిబ్రవరి 3, శుక్రవారం. అమెరికాల లాస్ ఏంజెలెస్ శివారుల ఉన్న ఫిల్మేషన్ అనే కార్టూన్ స్టూడియో ఆ దినం మూతపడ్డది. రెండు వందల మందికి పైగా నౌకర్లు పోయినయి. తెల్లారితె ఫిబ్రవరి 4. ఆ దినం నుంచి అమెరికాల ఒక కొత్త చట్టం అమలుకొస్తున్నది. వంద మంది, అంతకన్న ఎక్కువ మంది పనిచేసే కంపెనీ మూసెయ్యాలన్నా, మందిని గుంపుగ తీసెయ్యాలన్నా 60 దినాల ముందు నోటీసు ఇయ్యాలె అని ఆ చట్టం చెప్తది. ఒక్క దినం ముందు తాళం ఏసిండ్రు. ఒక్కటంటె ఒక్క దినం.

ఫిల్మేషన్ అంటె మనోళ్లు చానా మందికి తెల్వదు. హీ-మ్యాన్ అంటె తెలుస్తది. ఇప్పుడు నలభై దాటిన మా ఈడోళ్లు దూరదర్శన్ల ఆ కార్టూన్ చూసినోళ్లే. మా వాడకట్టు మొత్తానికి ఒక్కటే టీవీ ఉండె. కిటికీ కాడ నిలవడి, ఒకల భుజం మీదికెల్లి ఒకలం తొంగి చూస్తుంటిమి. వాళ్లు మాట్లాడేది ఒక్క ముక్క అర్థం కాకపోతుండె. కాని కత్తి పైకెత్తంగనే ఏమైతదో అందరికి ఎర్కనే. ఇంటికొచ్చి కందికట్టె లేపి మేము సుత అరుస్తుంటిమి. ఆ బొమ్మ అంగట్ల అమ్ముతరని నాకు తెలిసింది పట్నం కెల్లి వచ్చిన ఒక సార్ కొడుకు చేతుల చూసినప్పుడు. లియో మాటెల్ అనే పేరుతోని మన దేశంల గూడ ఆ బొమ్మలు చేసి అమ్మిండ్రు. ఒక్కసారి పట్టుకుంటనంటె ఆ పిలగాడు ఇయ్యలే. గది వేరే ముచ్చట.

ఆ బొమ్మకు ఆ కార్టూన్‌కు ఏం సంబంధమో గప్పుడు మాకు తెల్వదు. కార్టూన్ మంచిగుంది గనుక బొమ్మ చేసిండ్రు అనుకున్నం. అసలు కథ ఉల్టా. బొమ్మ ముందు పుట్టింది, దాన్ని అమ్ముడు కోసం కార్టూన్ తర్వాత పుట్టింది. ఆ కార్టూన్ చేసిన స్టూడియో ఎట్ల లేచింది, ఎట్ల కూలింది అన్నది నేను కొన్నేండ్ల సంది దొరికింది దొరికినట్టు చదువుకుంట వచ్చిన. నాకు బొమ్మల మీద పిచ్చి లేదు. కూలి ముచ్చట ఉన్నది గనుక చదివిన.

లూ షీమర్ అనేటాయన పిట్స్‌బర్గ్‌ల పుట్టిండు. బొమ్మలు గీసుడు నేర్చుకోని లాస్ ఏంజెలెస్ వచ్చి స్టూడియోల పొంటి తిరిగిండు. 1962ల హాల్ సదర్లాండ్, నార్మ్ ప్రెస్కాట్ అనే ఇద్దరితోని కలిసి ఫిల్మేషన్ షురూ చేసిండు. మొదటి మూడు నాలుగేండ్లు పని లేదు, పైసల్లేవు. ఇగ మూసుకుందాం అనుకుంటున్న టైముల సూపర్‌మ్యాన్ కార్టూన్ చేసే మోఖా వచ్చింది. కామిక్స్ కంపెనీ వాళ్లు స్టూడియో చూసిపోతమని అన్నరు. స్టూడియోల చూడనీకి ఏమున్నది, ఖాళీ బల్లలు. షీమర్ వేరే స్టూడియోలల్ల పనిచేసే దోస్తులను పిలుచుకొచ్చి బల్లల కాడ కూసోబెట్టి, పని మస్తు జోరుగ నడుస్తున్నట్టు చూపెట్టిండట. ఈ కథ ఆయన తర్వాతి కాలంల నవ్వుకుంట చెప్పుకునేటోడు. మన దిక్కు తనిఖీ వస్తుందంటె హాస్టల్ మంచాల మీద కొత్త దుప్పట్లు పరిచినట్టు. మొత్తానికి పని దొరికింది. 1966ల సూపర్‌మ్యాన్ టీవీల కొచ్చింది. 1968ల ఆర్చీ, 1972ల ఫ్యాట్ ఆల్బర్ట్, 1973ల స్టార్ ట్రెక్ కార్టూన్. స్టార్ ట్రెక్‌కు ఎమ్మీ అవార్డు గూడ వచ్చింది.

ఇక్కడ కార్టూన్ పని ఎట్లుంటదో జర చెప్పాలె. చెప్పకపోతె మిగతాది అర్థం కాదు. సినిమాల ఒక సెకనుకు 24 బొమ్మలు పోతయి. 22 నిమిషాల కార్టూన్ అంటె 31,680 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడుకున్నా పదిహేను వేల పైచిలుకు బొమ్మలు. అన్ని చేతితోని గీయాలె, పల్చటి ప్లాస్టిక్ షీట్ మీదికి దించాలె, ఎనుకకెల్లి రంగులు ఎయ్యాలె, ఒక్కొక్కటి కెమెరా కింద పెట్టి ఫొటో తియ్యాలె. టీవీ వాళ్లు ఇచ్చే పైసలకు ఇది అయ్యే పని కాదు. గనుక ఫిల్మేషన్ ఒక ఉపాయం చేసింది. ఒక్కసారి మంచిగ గీసిన ఉరుకుడు, దుంకుడు, మెడ తిప్పుడు బీరువాల దాసిపెట్టుకోని, మళ్లమళ్ల వాడింది. హీ-మ్యాన్ మన ముఖం దిక్కు ఉరికొచ్చే బొమ్మ మీరు వంద సార్లు చూసి ఉంటరు, అది ఒక్కసారి గీసిందే. వెనుక కొండ మారుతది, ఉరుకుడు మారదు. మనిషిని ఉరికిచ్చి, సినిమా తీసి, దాని మీద గీత గీసుకునే పద్ధతి గూడ వాడిండ్రు. అందుకే ఆ ఉరుకుడు నిజం మనిషి లెక్క అనిపిస్తది.

ఇది చూసి కార్టూన్ల మీద రాసే పెద్దమనుషులు ఫిల్మేషన్‌ను మస్తు తిట్టిండ్రు. చవుక పని అన్నరు. పని చవుకనే, నేను కాదనను. కాని ఆ చవుక ఎందుకొచ్చిందో గూడ చూడాలె. గప్పటికే వేరే స్టూడియోలు గీసుడు పనిని కొరియాకు, తైవాన్‌కు, ఫిలిప్పీన్స్‌కు పంపుడు మొదలుపెట్టినయి. అక్కడ కూలి తక్కువ. కథ ఇక్కడ రాసుడు, బొమ్మ అక్కడ గీసుడు. ఫిల్మేషన్ మాత్రం పనిని లాస్ ఏంజెలెస్‌లనే ఉంచింది, యూనియన్ కూలి ఇచ్చింది. పైసలు మిగుల్చుకోవాలంటె రెండే తొవ్వలు. గీసేటోని కూలి తగ్గియ్యాలె, లేకుంటె గీసే బొమ్మలు తగ్గియ్యాలె. ఫిల్మేషన్ బొమ్మలు తగ్గిచ్చింది. నన్ను అడిగితె ఆ బీరువాల దాసిన ఉరుకుడే అక్కడి కూలోళ్ల కడుపు కాపాడింది. ఒక్కసారి మాత్రం తప్పింది. 1981ల జోరో అనే సీరియల్‌ను జపాన్ స్టూడియోకు ఇచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలె గదా.

1979ల కార్టూన్ పనోళ్ల యూనియన్ ఈ బయటికి పంపుడు మీద సమ్మె చేసి గెలిచింది. 1982ల మళ్ల చేసింది. పది వారాలు నడిచింది, ఓడిపోయింది. ఆ సమ్మెల షీమర్ తన పనోళ్లతోని కలిసి పికెట్ కాడ నిలవడ్డడని యూనియన్ చరిత్ర రాసినోళ్లు చెప్తరు. ఓనర్ కూలోళ్ల దిక్కు నిలవడుడు మనకు అలవాటు లేని ముచ్చట. అయితె ఓనర్ అని నేను ఊకె అన్న. అప్పటికి ఆయన అసలు ఓనర్ కాడు. స్టూడియోను 1969లనే టెలిప్రాంప్టర్ అనే కేబుల్ కంపెనీకి అమ్మిండ్రు. ఆ కేబుల్ కంపెనీని 1981ల వెస్టింగ్‌హౌస్ కొన్నది. వెస్టింగ్‌హౌస్ అంటె టర్బైన్లు, అణు రియాక్టర్లు చేసే కంపెనీ. దాని కింద టీవీ వ్యాపారం ఒక మూలకు ఉండె. బొమ్మలు గీసేటోళ్లు గా మూలల ఇంకో మూల. ఈ ముక్క యాది పెట్టుకోండి, ఆఖరుకు పనికొస్తది.

ఇప్పుడు బొమ్మల కంపెనీ దిక్కు పోదాం. మాటెల్ అంటె బార్బీ బొమ్మ చేసే కంపెనీ. 1977ల స్టార్ వార్స్ సినిమా వచ్చింది. ఆ సినిమా బొమ్మలు చేసే హక్కు ముందుగాల మాటెల్ కాడికి వస్తె వద్దన్నరు. కెన్నర్ అనే కంపెనీ తీసుకున్నది, కోట్లు గడించింది. మాటెల్‌కు కడుపుమంట. మొగపిలగాండ్లకు మనం గూడ ఒక బొమ్మ తెద్దాం, ఎవని సినిమాకో పైసలు కట్టకుంట మన సొంతం పెట్టుకుందాం అని 1982ల హీ-మ్యాన్‌ను అంగట్లకు ఇడిసిండ్రు. కండలు తిరిగిన ఒకే ఒంటిని ఒక్క అచ్చుల పోసి, తలకాయలు మార్చి, రంగులు మార్చి, వేరే వేరే పాత్రలని అమ్మిండ్రు. హీ-మ్యాన్ ఒళ్లు, దుష్టుడు స్కెలెటార్ ఒళ్లు ఒక్కటే అచ్చు. హీ-మ్యాన్ ఎక్కి తిరిగే పులి ఉన్నదే, అది మాటెల్ కాడ పాత బొమ్మల సెట్టుల పడున్న పులి. రంగేసి, జీను కట్టిండ్రు. అచ్చుకు పైసలైతయి గనుక మళ్లమళ్ల వాడుకున్నరు.

చూసిండ్రా? స్టూడియో ఒక్క ఉరుకుడును వంద సార్లు వాడింది, బొమ్మల కంపెనీ ఒక్క ఒంటిని ఇరవై పాత్రలకు వాడింది. రెండు ఒకదాన్నొకటి దేవులాడుకున్నట్టే కలిసినయి. బొమ్మకు కథ కావాలె, స్టూడియోకు పని కావాలె.

కాని మధ్యల ఒక అడ్డం ఉండె. టీవీల బొమ్మ పేరు మీద కార్టూన్ ఏసుడంటె అరగంట అడ్వర్టైజ్‌మెంటు ఏసినట్టే గదా. ఇదే మాటెల్ 1969ల తన హాట్ వీల్స్ బొమ్మ కార్ల మీద కార్టూన్ ఏపిస్తె, పోటీ బొమ్మల కంపెనీ పోయి ఎఫ్‌సీసీకి ఫిర్యాదు చేసింది. ఎఫ్‌సీసీ అంటె అమెరికాల రేడియో, టీవీల మీద పెత్తనం చేసే సర్కారు కమిషన్. ఇది కార్టూన్ కాదు, దీన్ల కొంత భాగం యాడ్ కింద లెక్క కట్టాలె అని కమిషన్ చెప్పింది. ఆ దెబ్బకు పదేండ్లు ఎవలు గా పని చెయ్యలే. బోస్టన్ పక్కపొంటి పెగ్గీ చారెన్ అనే తల్లి, ఇంకొంత మంది తల్లులతోని కలిసి 1968ల పిల్లల టీవీ కోసం ఒక సంఘం పెట్టింది. ఇంటి ముందటి అర్రల కూసోని మొదలుపెట్టిన సంఘం. యాడ్ల మీద 1974ల ఎఫ్‌సీసీతోని హద్దులు పెట్టిచ్చేదాక కొట్లాడిండ్రు.

1981ల రీగన్ వచ్చిండు. ఎఫ్‌సీసీ మీద మార్క్ ఫౌలర్ అనేటాయనను కూసోబెట్టిండు. ఆయన లెక్కల టీవీ అంటె బొమ్మలు కనపడే రొట్టె కాల్చే మిషిని లాంటిది, ఇంట్ల ఇంకో సామాను, దానికి ప్రత్యేకంగ నియమాలెందుకు అని. అంగడే అన్ని చూసుకుంటది అన్నడు. 1984ల యాడ్ల టైము మీద హద్దులు తీసేసిండ్రు. తలుపు తెరుస్తరని కంపెనీలకు ముందే వాసన తగిలింది. 1983 సెప్టెంబర్‌ల హీ-మ్యాన్ టీవీల కొచ్చింది.

వచ్చిన పద్ధతి గూడ కొత్తది. అప్పటిదాక కార్టూన్ అంటె పెద్ద నెట్‌వర్క్‌లల్ల శనివారం పొద్దుగాల వచ్చేది. ఒక సీజన్‌కు పదమూడో పదహారో ఎపిసోడ్లు. హీ-మ్యాన్‌ను నెట్‌వర్క్‌లను ఇడిసిపెట్టి ఊరూరి స్టేషన్లకు నేరుగ ఇచ్చిండ్రు. స్టేషన్ పైసలు కట్టే బదులు యాడ్ల టైముల ఇంత భాగం ఇడువాలె. సోమవారం నుంచి శుక్రవారం దాక రోజు సాయంత్రం, బడి ఇడిసే టైముకు. వారానికి 5, పదమూడు వారాలకు 65 ఎపిసోడ్లు. మొదటి విడత 65, రెండో విడత 65, మొత్తం 130.

ఈ 65 అనే అంకె మీద నేను జర ఆగుత. ఎందుకంటె చదివేటోళ్లు దీన్ని వ్యాపారం లెక్క చూస్తరు, నాకు ఇది కొలువు లెక్క కనపడ్డది. శనివారం కార్టూన్ల కాలంల గీసేటోళ్ల బతుకు మన వ్యవసాయ కూలోళ్ల బతుకు లెక్కనే ఉండె. సీజన్ మొదలైతె పని, రాత్రింబగళ్లు. ఆఖరు రీలు పంపినంక పో, మళ్ల సీజన్‌కు పిలుస్తం. ఏడాదిల కొన్ని నెలలు ఇంటికాడనే. 65 ఎపిసోడ్ల ఆర్డర్ వచ్చేసరికి ఏడాది పొడుగునా పని దొరికింది. ఫిల్మేషన్ కొత్తోళ్లను తీసుకున్నది, నేర్పించింది. తర్వాత కాలంల బ్యాట్‌మ్యాన్ కార్టూన్‌తోని పేరుపడ్డ బ్రూస్ టిమ్, పాల్ డీని లాంటోళ్లు అక్కడ పనిచేసినోళ్లే. బయటి దేశానికి పోయే పని ఉన్న ఊళ్లనే ఆగింది. ఎవలి పైసల వల్ల? బొమ్మ పైసల వల్ల. పిల్లల చేత ఏడిపిచ్చి, తల్లిదండ్రుల జేబుల కెల్లి తీసిన పైసల వల్ల. నాలాంటోనికి ఇక్కడనే చిక్కు. కూలోని దిక్కు మాట్లాడాల్నా, పిల్లల దిక్కు మాట్లాడాల్నా? నేను పెగ్గీ చారెన్ దిక్కే. కాని ఆ కార్ఖానల రంగులేసే ఆడమనిషికి పోయి ఈ మాట ముఖం మీద చెప్పగల్గుతనా అంటె, ఏమో.

షీమర్‌కు గూడ ఈ గుబులు ఉన్నట్టే కనపడతది. ప్రతి ఎపిసోడ్ ఆఖరుకు ఒక నీతి ముక్క పెట్టిచ్చిండు. అబద్ధం ఆడొద్దు, తెలియనోళ్ల ఎంబడి పోవద్దు అసొంటియి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్‌ను సలహాకు పెట్టుకున్నరు. హీ-మ్యాన్ చేతుల అంత పెద్ద కత్తి ఉంటది, దాన్తోని ఒక్క మనిషిని నరకడు. ఎత్తి బురదల ఏస్తడు, అంతే. ఆ నీతి ముక్క ముసుగు అని కొందరు అంటరు. పూర్తిగ ముసుగు అని నేననను, ఆయన అంతకు ముందు ఫ్యాట్ ఆల్బర్ట్ చేసినప్పుడు గూడ చదువు చెప్పే పంతుళ్లను పక్కన పెట్టుకున్నోడే. కాని ఇరవై నిమిషాలు ఆ బొమ్మ కావాలె కావాలె అనిపిచ్చి, ఆఖరుకు అర నిమిషం బుద్ధిగ ఉండు నాయినా అని చెప్తె ఏది మిగులుతది పిలగాని తలల?

ఇంకో ముచ్చట. తల కనపడకుంట పెద్ద టోపీ పెట్టుకోని గాల్ల తేలే ఓర్కో యాదికున్నడా? అది మాటెల్ బొమ్మ కాదు. ఫిల్మేషన్ల గీసేటోళ్లు కథల నవ్వు కోసం పుట్టించిండ్రు, దానికి గొంతు ఇచ్చింది సుత షీమరే. జనానికి నచ్చినంక మాటెల్ దాన్ని గూడ బొమ్మ చేసి అమ్మింది. అంటె బొమ్మకు కథ ఇచ్చిందే గాదు, కథలకెల్లి బొమ్మ గూడ స్టూడియోనే ఇచ్చింది. ఆడపిల్లలు గూడ మస్తు చూస్తున్నరని 1985ల షీ-రా వచ్చింది, 93 ఎపిసోడ్లు.

పడుడు అయితె తొందరగనే పడ్డది. తలుపు ఒక్కలికే తెరువరు గదా. ట్రాన్స్‌ఫార్మర్స్, జీఐ జో, థండర్‌క్యాట్స్, అన్ని వరుసవెట్టి దిగినయి. వాటిల బొమ్మలు గీసుడు జపాన్, కొరియాల నడిచింది. తక్కువ ఖర్చుకు ఎక్కువ కదిలే బొమ్మ. వాటి పక్కన ఫిల్మేషన్ బీరువా ఉరుకుడు పాతగ కనపడ్డది. ఇటు హీ-మ్యాన్ బొమ్మ మీద పిల్లలకు మొహం మొత్తింది. అమెరికాల 1986ల 40 కోట్ల డాలర్ల అమ్మకం 1987కు 70 లక్షలకు పడిపోయిందని ఆ బొమ్మ చరిత్రల చెప్పుకునే లెక్క. నలభై కోట్ల కెల్లి డెబ్బై లక్షలు. మన దిక్కు టమాట ధర గూడ అంత పడదు.

గప్పుడు ఫిల్మేషన్ సొంత కాళ్ల మీద నిలవడాలని చూసింది. బ్రేవ్‌స్టార్ అని, ఇంకో గ్రహం మీద పోలీసు పని చేసే ఆదివాసీ వీరుని కథ. అమెరికా మూలవాసిని హీరో చేసి గా కాలంల పిల్లల కార్టూన్ తీసుడు చిన్న ముచ్చట కాదు, నాకు ఆ స్టూడియో పనులల్ల అదే ఎక్కువ ఇష్టం. 65 ఎపిసోడ్లు గీసిండ్రు. కాని దాని బొమ్మలను మాటెల్ 1986లనే అంగట్లకు ఇడిసింది, కార్టూన్ వచ్చింది 1987 సెప్టెంబర్‌ల. ఆ బొమ్మ ఎవడో, వాని కథేందో పిలగాండ్లకు తెల్వకముందే బొమ్మలు అంగట్ల దుమ్ము పట్టినయి. బొమ్మ అమ్ముడుపోలే గనుక కార్టూన్ గూడ పాయె. అదే 1987 డిసెంబర్‌ల పెద్ద సినిమా ఒకటి, పినోకియో కథకు ముందుకు సాగినట్టు, థియేటర్లల్ల ఇడిసిండ్రు. నడువలే.

ఇప్పుడు వెస్టింగ్‌హౌస్ ముచ్చట యాదికి తెచ్చుకోండి. రియాక్టర్లు చేసే కంపెనీకి ఈ మూలకున్న బొమ్మల దుకాణం ఎందుకు? అమ్మకానికి పెట్టింది. కొన్నది ఎవలు? ఫ్రాన్స్ దేశపు సౌందర్య సామాన్ల కంపెనీ లోరియల్ ఎనుకున్న ప్యారావిజన్ అనే సంస్థ. మొహానికి క్రీములు, నెత్తికి రంగులు అమ్మే కంపెనీ. వాళ్లకు కావాల్సింది గీసిపెట్టిన పాత రీళ్లు. దేశదేశాల టీవీలకు ఆ రీళ్లు కిరాయికి ఇచ్చుకుంట పోతె ఏండ్ల తరబడి పైసలొస్తయి. గీసే చేతులకు ప్రతి నెలా జీతం ఇయ్యాలె. రీళ్లకు ఇయ్యనక్కర లేదు. లెక్క అంతే. కొత్తగ మొదలుపెట్టిన సీరియళ్లు నడుమనే ఆగినయి. ఫిబ్రవరి 3న మందిని ఇంటికి పొమ్మన్నరు.

ఆ 60 దినాల నోటీసు చట్టం 1988 ఆగస్టుల పాసైంది. రీగన్‌కు ఇష్టం లేదు, సంతకం పెట్టలే. ఎన్నికలున్నయి గనుక ఆపనూ లేదు. సంతకం లేకుంటనే చట్టమైంది. కంపెనీలు సర్దుకోనీకి ఆరు నెలల టైము ఇచ్చిండ్రు. ఆరు నెలలు ఫిబ్రవరి 4తోని నిండుతది. తారీఖు అట్ల కుదిరింది, కావాలని చేసింది కాదు అని ఎవలన్న అంటె నేను వాదన పెట్టుకోను. క్యాలెండర్ అందరి ఇండ్లల్ల ఉంటది, చూసుకోవచ్చు. చట్టం ఆ పొద్దే ఉండి ఉంటె 60 దినాల జీతం, ఆ 60 దినాలల్ల ఇంకో పని దేవులాడుకునే మోఖా ఆ రెండు వందల మందికి దక్కేది. అంతకన్న పెద్ద కోరిక ఏం లేదు ఆ చట్టంల.

తర్వాత రీళ్ల కథ వినుండి. అవి ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి చేతులు మారుకుంట పోయినయి. కొన్నాళ్లు హాల్‌మార్క్ కాడ ఉన్నయి. 2004ల బ్రిటన్ కంపెనీ ఎంటర్‌టైన్‌మెంట్ రైట్స్ కొన్నది. అప్పటికే ఆ సీరియళ్లను యూరప్ టీవీల పద్ధతికి డిజిటల్ కాపీ చేసుకోని, అసలు ఫిల్ములను పారేసిండ్రని తేలింది. దాసేందుకు కిరాయి దండుగ అనుకున్నరేమో. ఇయ్యాల మీరు డీవీడీల చూసే చానా ఫిల్మేషన్ సీరియళ్లు ఆ కాపీకి కాపీనే. జర ఎక్కువ స్పీడుగ నడుస్తయి, గొంతులు జర సన్నగ ఉంటయి. వేల మంది గంటలు, చేతులు, కండ్లు పెట్టి గీసిన అసలుది చెత్తల పోయింది. ఆ బ్రిటన్ కంపెనీ గూడ 2009ల దివాళా తీసింది. ఇప్పుడు ఆ రీళ్ల హక్కులు తిరిగి తిరిగి డ్రీమ్‌వర్క్స్ మీదుగ యూనివర్సల్ చేతికి వచ్చినయి. హీ-మ్యాన్ బొమ్మ మాత్రం మాటెల్‌దే, నిన్నా మొన్నా గూడ కొత్త కొత్తగ వస్తనే ఉన్నది. షీమర్ 2013ల సచ్చిపోయిండు.

ఇదంత అమెరికా ముచ్చట, మనకెందుకు అనేటోళ్లు ఉంటరు. లాస్ ఏంజెలెస్ కెల్లి వెళ్లిపోయిన ఆ గీసుడు పని కొరియా, తైవాన్, ఫిలిప్పీన్స్ తిరిగి ఆఖరుకు ఎక్కడికొచ్చింది? హైదరాబాద్‌కు. 2000 దాటినంక మన పోరగాండ్లు వేల మంది యానిమేషన్ కోర్సులల్ల చేరిండ్రు, అప్పు చేసి ఫీజులు కట్టిండ్రు. యూరప్, అమెరికా కార్టూన్లకు ఇక్కడ బొమ్మలు కదిలిచ్చిండ్రు. పని బయటికి పోవద్దని 1979ల అక్కడ సమ్మె చేసినోళ్ల పని ఇక్కడ మన అన్నం అయింది. ఆళ్ల మీద మనకు కోపం ఉండొద్దు, మన మీద ఆళ్లకు ఉండొద్దు. 2013ల లైఫ్ ఆఫ్ పై సినిమా పులికి ఆస్కార్ వచ్చింది. ఆ పులిని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీకి హైదరాబాద్‌ల గూడ ఆఫీసు ఉండె. అవార్డు వచ్చే కొన్ని రోజుల ముందే ఆ కంపెనీ దివాళా పిటిషన్ ఏసింది. ఆస్కార్ వేదిక బయట అక్కడి పనోళ్లు ధర్నా చేసిండ్రు. ఇక్కడోళ్లు ఏ వేదిక బయట చెయ్యాలె?

ఉల్టా నడిచిన కథ గూడ మన హైదరాబాద్‌లనే ఉన్నది. గ్రీన్ గోల్డ్ వాళ్ల ఛోటా భీమ్ 2008ల పోగో ఛానల్ల మొదలైంది. అక్కడ కార్టూన్ ముందు, బొమ్మ ఎనుక. పిల్లలకు భీమ్ నచ్చినంక బ్యాగులు, డబ్బలు, బొమ్మలు అమ్మిండ్రు, సొంత దుకాణాలు పెట్టిండ్రు. పాత్ర స్టూడియోది గనుక దాని పైసలు గూడ స్టూడియోకే వస్తయి. బొమ్మ పడిపోతె స్టూడియో పడిపోయే ఫిల్మేషన్ కథ కన్న ఇది నయం. గీసేటోళ్లకు ఆ పైసల ఎంత ముడుతది అన్నది మాత్రం ఏ కంపెనీ కాడనైనా అడగాల్సిన ముచ్చటే.

మూసే ముందు సర్కారు అనుమతి తీసుకోవాలె అన్న నియమం మన దేశంల లేదా అంటె ఉన్నది. ఫ్యాక్టరీలకు, గనులకు, తోటలకు. కంప్యూటర్ ముందట కూసున్నోళ్లు ఆ లెక్కల రారు. వచ్చేటోళ్లకు గూడ 100 మంది ఉంటె చాలు అన్న హద్దును 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌ల 300కు ఎక్కిచ్చిండ్రు.

పోయిన యాడాది ఒక పిలగాడు నా కాడికొచ్చిండు. మా దిక్కు పల్లె పిలగాడే, మంచి చెయ్యి. నగరంల ఒక యానిమేషన్ ఆఫీసుల నాలుగేండ్లు చేసిండు. ఒక పొద్దు ప్రాజెక్టు అయిపోయిందని చెప్పి, మర్నాటికెల్లి గేటు కాడ వాని కార్డు పనిచెయ్యకుంట చేసిండ్రట. "అన్నా, ఏమన్న చెయ్యొస్తదా" అని అడిగిండు. చేరినప్పుడు ఇచ్చిన కాయితం తెమ్మన్న. ఇద్దరం కూసోని చదివినం. పని చేసేటోడు మానెయ్యాలంటె 60 దినాల ముందు చెప్పాలె అని ఉన్నది. కంపెనీ తీసెయ్యాలంటె ఎన్ని దినాలు అని చూస్తె, ప్రాజెక్టు అవసరాన్ని బట్టి అని ఉన్నది. పక్కనే వాని సంతకం.

"సదివే పెట్టినవా?" అన్న.

"ఇంగ్లీషుల ఉండె అన్నా, మస్తు పేజీలు" అన్నడు.

వకీలు దోస్తుకు ఫోన్ చేసి, నోటీసు పంపనీకి ఇంత, నెల జీతం కోసం లేబర్ ఆఫీసుకు అర్జీకి ఇంత అని లెక్క రాసుకున్నం. అర్జీ ఏసినం. మొదటి వాయిదాకు కంపెనీ దిక్కు కెల్లి ఎవలు రాలే. రెండో వాయిదా వచ్చే నెల ఉన్నది.